తలుపు వెనక సాక్ష్యం

“చూసినానని ఒక్క మాట అంటే నీ నోట్లో ముత్యాలేమన్నా రాలిపోతాయా?” అంది గురమ్మ.

పొద్దుటి నుంచీ అంటూనే ఉంది. పొయ్యి ఊదుతూ అంది, మజ్జిగ చిలుకుతూ అంది, ఇప్పుడు సంగటి కెలుకుతూ అంటోంది. తెడ్డు తిరిగినప్పుడల్లా కోడలి వైపు ఒక మాట పడుతోంది.

కోడలు ఓబుళమ్మ చేటలో వేరుసెనగ కాయలు వలుస్తోంది. తల ఎత్తలేదు.

“చూడనిదాన్ని చూసినానని ఎట్ల చెప్పేది అత్తా?”

“చూడలేదంటావేమి? గడ్డివామికి నిప్పు పడినప్పుడు నువ్వు మిద్దె మీదనే ఉంటివి గదా, మిరపకాయలు ఎత్తుతా.”

“ఉంటిని. దొడ్డి గోడ వెనక నుంచి మీ చిన్నకొడుకు వదిలిన మందు గొట్టం పైకి లేసింది చూస్తిని. అది వంకర తిరిగి వామిలో పడింది చూస్తిని. తిమ్మన్నను యాడా చూడలేదు.”

“మెల్లగా మాట్లాడు తల్లీ. తిమ్మన్న పెండ్లాము వాకిట్లోనే కూర్చోనుండాది.”

కూర్చునే ఉంది. తిమ్మన్నను పోలీసులు తీసుకుపోయినప్పటి నుంచీ భీమక్క ఆ వాకిలి ఎదుట గోడ నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ కూర్చుంది. ఏడవలేదు, తిట్టలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. గురమ్మ జాలిపడి పంపిన జొన్నల గంప ఆమె పక్కన అట్లాగే ఉంది. కోళ్ళు మాత్రం ఆ జాలిని కాదనలేదు.

ఈ సీమలో గడ్డివామి కాలితే నిప్పు ఎట్లా పడిందని ఎవరూ అడగరు. ఎవరు పెట్టారనే అడుగుతారు. చుట్ట పీక, పొయ్యి బూడిద, పిడుగు - అవన్నీ ఊళ్ళో ఎదురుపార్టీ లేని అనాథలకు. గురమ్మ మొగుడు పుల్లయ్యకు గిడ్డయ్య ఉన్నాడు. అందుకే వామి భగ్గుమన్న వెంటనే ఊరంతా గిడ్డయ్య పేరు చెప్పింది. మంట ఆరేలోగా చేసిన చెయ్యి కూడా దొరికింది. తిమ్మన్న మొన్న ఉగాదికి పుల్లయ్య దగ్గర జీతం మాని గిడ్డయ్య దగ్గర చేరాడు. అంతకంటే రుజువు ఇంకేం కావాలి?

మరునాడు పుల్లయ్యకు అసలు సంగతి తెలిసింది. కోడలు అత్తతో చెప్పింది, అత్త ఆయనతో చెప్పింది. అప్పటికే ఆయన స్టేషనులో ఫిర్యాదు ఇచ్చాడు, ఇద్దరు సాక్షుల్ని కూడా ఇచ్చాడు. ఇచ్చిన సాక్షుల్ని వెనక్కి తీసుకోవడం ఆయన వంశంలో లేదు.

అయితే నిన్న గిడ్డయ్య స్టేషను ముందర నిలబడి పదిమందీ వినేట్టు ఒక మాట అన్నాడు. “ఆ పొద్దు మిద్దె మీద వాండ్ల పెద్దకోడలు ఉండింది. ఆ యింట్లో అబద్ధం చేతగానిది ఆ యమ్మ ఒక్కతే. తిమ్మన్నను చూసినానని ఆ యమ్మ చెప్తే నేను నోరు మూసుకుంటా.”

సబిన్స్‌పెక్టరుకు ఆ మాట నచ్చింది. మధ్యాహ్నం వచ్చి ఆమె వాఙ్మూలం రాసుకుంటానని కబురు చేశాడు.

శత్రువు మెచ్చుకుంటే ఇంత చేటు వస్తుందని ఓబుళమ్మకు ఇంతకుముందు తెలియదు.

“ఆ పిల్లకు చెప్పు,” అన్నాడు పుల్లయ్య వసారాలో నుంచి, ఎదుటి స్తంభంతో మాట్లాడుతున్నట్టు. “ఇది ఇంటి పరువని చెప్పు.”

ఆ ఇంట్లో కోడలు మామతో ముఖాముఖి మాట్లాడదు. ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినపడుతుంది. అయినా గురమ్మ మధ్యలో ఉండి అందించాలి.

గురమ్మ ఇటు తిరిగి, “ఇంటి పరువంట,” అంది.

“వింటి అత్తా. తిమ్మన్నకు పరువు లేదా అని అడుగు మామను.”

గురమ్మ అటు తిరిగింది. కాసేపు ఆలోచించింది.

“ఆలోచన చేస్తానంటాంది,” అంది.

పుల్లయ్య గొంతు సవరించుకున్నాడు. కోడలు ఒప్పుకునేదాకా అన్నం ముట్టనని ఆయన నిన్న ఒట్టు పెట్టుకున్నాడు. నిజంగానే ముట్టలేదు. రాగి అంబలి అన్నం కిందికి రాదని గురమ్మ తీర్పు చెప్పింది కాబట్టి మనిషి నిక్షేపంగా ఉన్నాడు.

ఓబుళమ్మ ఒక గింజ నోట్లో వేసుకుని ఉమ్మేసింది. గంధకం వాసన. వామి కాలిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఏది తిన్నా అదే వాసన. తిండిలో ఉందో తన ముక్కులో ఉందో ఆమెకు తేలడం లేదు.

*

నడిమింట్లో నల్లబండల మీద నరసింహ గొంతుకూర్చుని సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడు.

ఓబుళమ్మ గడపలో ఆగింది. అవే బండలు. కాపురానికి వచ్చిన కొత్తలో, బడిలో లెక్కల్లో తప్పిన ఈ మరిదికి ఎత్తులూ దూరాలూ ఇక్కడే నేర్పింది. అనంతపురంలో ఇంటరు చదివినప్పుడు ఆమెకు లెక్కల్లో క్లాసులో ఎదురు లేదు. ఆపైన పెళ్ళయింది. మిగిలిన చదువు వీడు చదువుతాడులే అనుకుంది. వ్యాజ్యాలకు పనికొస్తాడు, వీణ్ణి ప్లీడరు చదివించాలని పుల్లయ్య పట్టుబడితే, అత్త నోటిగుండా ఆయనతో నెలల తరబడి పోట్లాడి, మద్రాసులో విమానాల ఇంజనీరింగుకు పంపించింది ఆమే.

పోయిన ఏడాది రష్యావాళ్ళు స్పుత్నిక్‌ను ఎగరేసిన దగ్గరి నుంచీ నరసింహకు విమానాలు కంటికి ఆనడం లేదు. ఎడ్లబండిని చూసినట్టు చూస్తున్నాడు వాటిని. మనుషులు కూడా పైకి పోయే రోజు వస్తుంది, అప్పుడు తాను సిద్ధంగా ఉండాలి అన్నాడు. వేసవి సెలవులకు వచ్చి, కళ్ళు తిరగడం అలవాటు కావాలని గానుగ కాడి మీద ఎక్కి కూర్చుని ఎద్దును తోలించుకున్నాడు. దిగి, గానుగ రోట్లోనే కక్కుకున్నాడు. ఆ పూట ఆడిన నూనె అంతా పారబోయించి గురమ్మ కొడుక్కు దిష్టి తీసింది. ఎద్దుకు కూడా తీసింది.

“రా వదినా, కూర్చో,” అన్నాడు నరసింహ. “అంతా లెక్క కట్టినా. నీకేమీ కష్టం లేదు.”

“దేనికి లెక్క?”

“ఇదో, ఇది మన మిద్దె. ఇది వామి. ఇది నీ చూపు.” సుద్దముక్కతో ఏటవాలుగా గీత లాగాడు. “నువ్వు పడమటి దిక్కు చూస్తా ఉంటివి గదా. పొద్దు వాలే యాళ, ఎండ కండ్లల్లో కొడతాది. ఏమి కనపడింది నీకు అని వాండ్ల ప్లీడరు అదే పట్టుకుంటాడు. అందుకని పిట్టగోడ చాటున నీడలో నిలబడి చూసినానని చెప్పల్ల.”

ఓబుళమ్మ గడప దాటి లోపలికి వచ్చింది, కూర్చోలేదు.

“ఇంకొకటి. ఈ కోణం లెక్కన వామి అవతల ఉండే మనిషివి తలకాయ, భుజాలు కనపడతాయి. మొఖం ఆనదు. అందుకని మొఖం చూసినానని మాత్రం చెప్పొద్దు. నడక చూసినానని చెప్పు. కుంటే మనిషి భుజం ఒక పక్కకు దిగబడతా లేస్తా ఉంటాది. దూరం నుంచి కూడా తెలుస్తాది.”

“తిమ్మన్న కాలు ఎట్ల విరిగింది నరసింహా?”

“అది ఇప్పుడెందుకు?”

“అడుగుతాండా, చెప్పు.”

నరసింహ సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పాడు. “బండి బోల్తాపడి.”

“బండిలో ఎవరుండిరి?”

“నేనే. నన్ను బడికి తోలుకపోతా ఉన్నాడు. తెలిసి కూడా అడుగుతావేమి?” ఒక్క క్షణం ఆగి, తేటగా అన్నాడు. “అదే మంచిదయింది వదినా. ఊళ్ళో కుంటేవాడు వాడొక్కడే. గుర్తుపట్టేదానికి సులువు.”

ఓబుళమ్మ వంగి బండల మీద చూసింది. గీతలు మాత్రం చక్కగా ఉన్నాయి. కోణం ఎక్కడ గుర్తు పెట్టాలో, లంబం ఎక్కడ దించాలో, ఎట్లా నేర్పిందో అట్లాగే గీశాడు. గురువుకు చిన్నతనం రానివ్వలేదు.

“నువ్వే స్టేషనుకు పోయి నాది పొరపాటు అని చెప్తే ఏమయితాది?” అంది.

“ఏమయితాదా? నాయన దొంగకేసు పెట్టినాడని నాయన మీద కేసు అయితాది. పేలుడు మందు దగ్గర పెట్టుకున్నానని నా మీద కేసు అయితాది. కేసున్న పిల్లోణ్ణి కాలేజీలో ఉంచుకుంటారా? రాకెట్ల పని నేర్చుకునేదానికి మా ప్రొఫెసరు ఇద్దర్ని బెంగుళూరుకు పంపుతాడంట వదినా. ఇద్దర్నే. ఆ ఇద్దర్లో నేనుండల్లనే గదా సెలవుల్లో కూడా నిద్రపోకుండా ఆ గొట్టం చేసింది. రేపు మన దేశం కూడా ఆకాశంలోకి పంపుతాది. అప్పుడు ఈ ఊరి పేరు ఢిల్లీలో చెప్పుకుంటారు. దాని ముందర ఒక తిమ్మన్న నాలుగు నెలలు లోపలుంటే ఏమయితాది? వాండ్లకు జైలంటే మనకున్నంత బాధ ఉండదు.”

“ఎట్ల తెలుసు?”

“ఏమి?”

“వాండ్లకు బాధ ఉండదని. అది కూడా లెక్క కట్టినావా?”

నరసింహ నవ్వాడు. వదిన హాస్యమాడుతోందనుకున్నాడు. చిన్నప్పుడు లెక్క కుదిరినప్పుడల్లా అట్లాగే నవ్వేవాడు. ఆ నవ్వు చూసే ఆమె వాడి కోసం అంత పోట్లాడింది.

ఓబుళమ్మ దొడ్లోకి పోయి, తొట్టి దగ్గర నిలబడి నోరు పుక్కిలించి ఉమ్మింది. వాసన పోలేదు.

*

భర్త సుబ్బయ్య ఎడ్లకు నీళ్ళు పెడుతున్నాడు. వామి పోయిన ఎడ్లు. ఏడాది మేత ఒక్క సాయంత్రం బూడిదయింది. వాటికి ఇప్పుడు ఇరుగుపొరుగు ఇచ్చిన చొప్పే దిక్కు.

“మధ్యాహ్నం మాటలు అందించేది మీరేనా?” అంది ఓబుళమ్మ.

పోలీసైనా, కరణమైనా, డాక్టరైనా ఆ ఇంటి ఆడవాళ్ళు పరాయి మగవాడి ఎదుటికి రారు. ఆమె తలుపు వెనక కూర్చుంటుంది. భర్త గడప మీద నిలబడతాడు. బయటి ప్రశ్న లోపలికీ, లోపలి జవాబు బయటికీ అతను చేరవేస్తాడు. ఆమె గొంతు బయటివాడి చెవిన పడినా పడనట్టు ఉండటం మర్యాద.

“నేనే,” అన్నాడు సుబ్బయ్య.

“నేను ఏమి చెప్తానో మీకు తెలుసు.”

సుబ్బయ్య ఎద్దు మెడ నిమిరాడు. “తెలుసు.”

“చెప్పింది చెప్పినట్టు అందిస్తారా?”

సుబ్బయ్య ఇంకో కడవ నీళ్ళు తొట్లో పోశాడు.

“అందిస్తాలే,” అన్నాడు.

సుబ్బయ్య రోజుకు పట్టుమని పది మాటలు మాట్లాడే మనిషి కాదు. అంత తక్కువ మాట్లాడేవాడికి అబద్ధం ఆడే తీరిక ఎక్కడుంటుందని కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఓబుళమ్మ నమ్మకం. ఆ నమ్మకం మీదే ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ నిద్రపోయింది.

*

సబిన్స్‌పెక్టరు సర్కారు జిల్లాల మనిషి. చెమట తుడుచుకుంటూ వసారాలో కుర్చీ మీద కూర్చున్నాడు. ఎదుట మంచం మీద పుల్లయ్య. స్తంభానికి ఆనుకుని నరసింహ, చేతులు కట్టుకుని, వినయంగా. గడప మీద సుబ్బయ్య. మూసీమూయని తలుపు వెనక పీట మీద ఓబుళమ్మ.

“ఆ సాయంత్రం మేడ మీద ఉన్నారా అని అడగండి,” అన్నాడు సబిన్స్‌పెక్టరు.

“ఉంటివా అంటాండాడు.”

“ఉంటిని.”

“ఉండిందంట సార్.”

“నిప్పు ఎట్లా పడిందో చూశారా?”

“నిప్పు పడింది చూస్తివా అంటాండాడు.”

ఓబుళమ్మ ఊపిరి పీల్చుకుంది. “చూస్తిని. దొడ్డి గోడ వెనక నుంచి ఒక గొట్టం మంట కక్కుతా పైకి లేసింది. కొంచెం పైకి పోయి వంగి, వామిలో పడింది. ఆడ మనుషులు ఎవరూ లేరు.”

సుబ్బయ్య బయటికి తిరిగాడు. అతని వీపు మాత్రమే ఆమెకు కనపడుతోంది. చొక్కా చెమటకు అతుక్కుని ఉంది.

“చూసినాదంట సార్. దొడ్డి గోడ వెనక నుంచి...”

ఓబుళమ్మ కళ్ళు మూసుకుంది. ఫరవాలేదు, చెప్తున్నాడు.

“...ఒక మనిషి వచ్చినాడంట. వామి కాడ వంగి, కుంటుకుంటా పోయినాడంట.”

కలం కాగితం మీద గీరుకున్న చప్పుడు. అంతలో ఆగింది. సబిన్స్‌పెక్టరు తలుపు వైపు చూశాడు. ఆమె చెప్పింది అతని చెవిన పడిందో లేదో అతనికే తెలియాలి. మర్యాద తెలిసిన మనిషి. మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు.

“నేను అట్ల చెప్పలేదు,” అంది లోపలి నుంచి ఓబుళమ్మ.

“ఏమంటున్నారు?”

“ఏమీలేదు సార్,” అన్నాడు సుబ్బయ్య. “అంతేనంట.”

ఓబుళమ్మ లేచింది. పీట పక్కకు తోసింది. గడప మీద ఉన్న మొగుణ్ణి భుజం పట్టుకుని, బరువైన మూటను జరిపినట్టు పక్కకు జరిపి, వసారాలోకి వచ్చి నిలబడింది.

పుల్లయ్య గబుక్కున ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. దొంగసాక్షులతో కూర్చుని భోంచేసిన మనిషి, కోడలి ముఖం ఎదురుగా చూడ్డానికి సిగ్గుపడ్డాడు. సబిన్స్‌పెక్టరు కుర్చీలోంచి లేచాడు.

“నేను మనిషిని చూడలేదు సార్. కుంటేవాణ్ణీ చూడలేదు, కుంటనివాణ్ణీ చూడలేదు. రాకెట్టు లేచింది, వామిలో పడింది. అంతే నేను చూసింది.”

“రాకెట్టా?” అన్నాడు సబిన్స్‌పెక్టరు. “ఎవరిదమ్మా?”

“చేసినవాడు ఈడనే ఉండాడు. చెప్పాల్సింది వాడు.”

ఆమె స్తంభం వైపు చూసింది. ఇదీ ఆమె వాడికి ఇచ్చిన ఆఖరి వీలు. వాడే చెప్తే ఏదో ఒకటి మిగులుతుంది. చదువు పోయినా, వాడు మిగులుతాడు.

నరసింహ ఒకడుగు ముందుకు వచ్చాడు. గొంతు మెత్తగా, జాలిగా ఉంది.

“వదినెకు శానా దినాలుగా బాగలేదు సార్. పిల్లలు నిలవలేదు గదా, రెండు తూర్లు పోయినారు. అప్పటి నుంచి ఇట్లనే. ఆకాశంలో ఏవేవో పోతాండాయి అంటా ఉంటాది. మేమే బయటికి రానీకుండా చూసుకుంటాండాము.”

ఓబుళమ్మ భర్త వైపు చూసింది. ఆ ఇద్దరు పిల్లల్ని గుడ్డలో చుట్టి తీసుకుపోయింది సుబ్బయ్యే.

“నిజమేనా?” అన్నాడు సబిన్స్‌పెక్టరు అతనితో.

సుబ్బయ్య తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. తల ఊపాడు.

ఆమెకు కోపం రాలేదు. కోపమైతే బాగుండేది, కోపానికి కాస్త వెచ్చదనం ఉంటుంది. చెప్పుల్లేని కాలు చీకట్లో మెత్తటిదేదో తొక్కినట్టు, అది ఏమిటో చూడకుండానే తెలిసినట్టు, అరికాలి నుంచి అసహ్యం పైకి పాకింది.

సబిన్స్‌పెక్టరు కాగితాలు సర్దుకున్నాడు. ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు. “రేపు తిమ్మన్నను ఆదోనిలో మేజిస్ట్రేటు ముందు పెడుతున్నాం. ఎవరైనా చెప్పుకోవలసింది ఉంటే అక్కడికి వచ్చి చెప్పుకోవచ్చు. పిచ్చివాళ్ళా కాదా అన్నది కూడా ఆయనే చూసుకుంటారు.”

జీపు పోయింది. దుమ్ము ఇంకా దిగలేదు.

“లోపలికి పొమ్మని చెప్పు ఆ పిల్లను,” అన్నాడు పుల్లయ్య గోడతో.

అందించడానికి గురమ్మ అక్కడ లేదు.

ఓబుళమ్మ వసారా మెట్లు దిగింది. పట్టపగలు నడివాకిలి దాటి వీధిలోకి దిగిన కోడలు ఆ ఇంట్లో ఇంతవరకూ లేదు. అందుకే ఆమెకు చెప్పులు కూడా లేవు. వాటి అవసరం వస్తుందని ఎవరికీ తోచలేదు. మే నెల ఎండకు కాగిన బండలు కాళ్ళు పట్టుకున్నాయి. పరుగెత్తలేదు. పరుగెత్తితే పిచ్చిదనడానికి వాళ్ళకు ఇంకో సాక్ష్యం దొరుకుతుంది.

ఆమె వెనకాల తలుపు మూసుకుంది. గడియ పడింది.

భీమక్క గోడ నీడలో అట్లాగే కూర్చుని ఉంది. జొన్నల గంప సగానికి దిగింది. కోళ్ళు ఇంకా వదల్లేదు.

“కొంచెం జరుగు భీమక్కా,” అంది ఓబుళమ్మ.

భీమక్క జరగలేదు.

“రేపు ఆదోనికి నీతో నేనూ వస్తా. నిప్పు పెట్టింది తిమ్మన్న కాదని మేజిస్ట్రేటు ముందర చెప్తా. నేను చూసినా.”

భీమక్క ఆమెను కాళ్ళ నుంచి పైకి చూసింది. తీరిగ్గా చూసింది.

“ఎప్పుడు చూస్తివి?”

“ఆ పొద్దే.”

“ఆ పొద్దే చూసి, ఇన్ని దినాలూ ఆ మిద్దెలో అన్నం తింటాంటివా?”

ఓబుళమ్మ నీడ అంచున, సగం ఎండలో నిలబడి ఉంది. భీమక్క పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మింది. ఆ ఉమ్మి దేని మీదో ఓబుళమ్మకు చెప్పనక్కర్లేదు. పొద్దుటి నుంచీ తాను ఉమ్ముతున్నదీ ఆ ఇంటి తిండి మీదే.

“మీ జొన్నలు నాకొద్దు తల్లీ. మీ మాట నమ్మే అలవాటు కూడా నాకు లేదు,” అంది భీమక్క. “ఇప్పుడు నీ మొగుడు తలుపు తీసి, రావే లోపలికి అంటే పోతావా, పోవా? అది చెప్పు ముందర.”

ఓబుళమ్మ నోరు తెరిచింది.

వెనక గడియ కదిలిన చప్పుడయింది.